రాయిని తాకుటకు ముందు
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పంచాయతీ, పురపాలక సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠము)



మేము ఏ యూరికి పోయినను పెద్దలు మమ్ము ముందుగా పాత కట్టడము నొద్దకు తీసికొనిపోవుదురు. అది కోట గోడ కావచ్చును, గడి కావచ్చును, మెట్లబావి కావచ్చును, కప్పు దిగిపోయిన చావడి కావచ్చును. కొంతసేపు అందరమును మౌనముగా నిలిచి చూచెదము. పిదప ఎవరో ఒకరు, "సారూ, దీనికి సర్కారు ఎంత ఇస్తది?" అని అడుగుదురు. "దీనికి ఎంత కావలెను?" అని మేము తిరిగి అడుగుదుము. అక్కడ మాట ఆగిపోవును. ఒకరు పది లక్షలందురు, మరియొకరు కోటి యందురు. ఏ గోడ ఎంత ఒరిగినదో, ఏ దూలము పుచ్చినదో, ఆ స్థలము ఎవరి పేర నున్నదో తెలుపు కాగితము ఆ యూరిలో తరచుగా ఒక్కటియు నుండదు.

నేడు మేము మాటలాడదలచినది ఆ కాగితమును గూర్చియే. పాత కట్టడమును నిలుపుటకు రెండు విధముల సొమ్ము కావలెను. రాయికి, సున్నమునకు, కూలికి కావలసిన సొమ్ము ఒకటి. అంతకు ముందే కొలతలకు, పరీక్షలకు, పటములకు, అంచనాకు కావలసినది రెండవది. మొదటిదానిని గూర్చి అందరును అడుగుదురు. రెండవదానిని అడుగువారు అరుదు. అది చిన్న మొత్తమే. కాని అది లేని కారణముననే చిన్న యూళ్లకు పెద్ద మొత్తము రాదు. ఒకవేళ వచ్చినను, ఆ సొమ్ము తరచుగా కట్టడమునకు మేలు కన్న కీడే చేయును. ఈ రెండవ మాట మీకు వింతగా తోచవచ్చును. అందువలన ముందుగా మన మూడు పట్టణములనే తీసికొని చూతము.

జగిత్యాల కోటను 1747లో ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిరి. కట్టించినవాడు ఎలగందుల పాలకుడైన ఇబ్రహీం ఖాన్ ధంసా. జఫరుద్దౌలా యనునది ఆయన బిరుదు. ఎలగందుల కోటలోని జంట మినారుల మసీదును కట్టించినవాడును ఆయనయే. జాక్, తాల్ అను ఇద్దరు ఫ్రెంచివారి పేర్లు కలసి జగిత్యాల అయినదని ఊరిలో చెప్పుకొందురు. కాదు, పొలవాస నేలిన జగ్గదేవుని పేరు మీద వచ్చినదని వాదించువారును కలరు. ఆ పొలవాసయే నేటి పొలాస. వాదము తీరునప్పుడు తీరును గాక, కోట మాత్రము కన్నుల యెదుట నున్నది.

దాని ఆకారము నక్షత్రము వంటిది. ఇది అందము కొరకు వేసిన రూపు కాదు. ఫిరంగులు వచ్చిన తరువాత ఎత్తయిన సన్నని గోడ పనికిరాకపోయెను. గుండు తాకినను కూలని మందపు గోడ కావలసివచ్చెను. ఒక కోణము నుండి కాల్చిన ప్రక్క కోణపు గోడ పాదము వరకు కనబడవలెను, శత్రువు దాగుటకు మూల యుండరాదు. అందుకొరకే ఆ కోణములు, చుట్టును కందకము. మన ప్రాంతమున గుట్టల మీది కోటలు అనేకము కలవు. చదును నేల మీద ఇట్టి లెక్కతో కట్టినవి మిక్కిలి అరుదు.

ఇట్టి గోడకు వెనుక మట్టి నింపియుండును. పైన పడిన వాన నీరు వెలుపలికి పోవు దారి మూసికొనిపోయినచో ఆ మట్టి నీరు త్రాగి ఉబ్బి గోడను ముందుకు నెట్టును. వెలుపలి నుండి చూచువానికి ఒక పగులు మాత్రమే కనబడును. పగులును సిమెంటుతో పూడ్చిన యెడల లోపలి నీటికి మిగిలిన సన్నని దారియు మూతపడును. మూడు నాలుగు వర్షాకాలములు గడచునప్పటికి పూడ్చిన చోటనే గోడ కడుపు ముందుకు వచ్చును. రావి మొక్కలది మరియొక కథ. మొక్కను నరికిన చాలదు, మరుసటి యేడు రెండింతలై వచ్చును. వేరుతో పెరికితిమా, వేరు పట్టుకొన్న రాళ్లు కూడ ఊడివచ్చును. ఏ వేరును ఎండబెట్టవలెనో, ఏ వరుస రాళ్లను విప్పి మరల పేర్చవలెనో దగ్గర నిలిచి, కొలిచి, వ్రాసినప్పుడే తెలియును. గుత్తకు పనిచేయువానికి ఇంత ఓపిక ఉండదు. అది అతని తప్పును కాదు. అతనికి ఇచ్చిన అంచనాలో ఓపికకు పద్దు లేదు.

ఇక కోరుట్లకు రండు. అక్కడి పాత రాతి మెట్లబావిని మీలో అనేకులు చూచియుందురు. మెట్లబావి యనగా నీటికి దిగు దారి మాత్రమే కాదు. ఎండకాలము నాలుగు మెట్లు దిగినంతనే చల్లదనము తగులును. నీళ్లకు వచ్చినవారు, బాటసారులు కూర్చుండుటకు అరుగులుండును, రాతి స్తంభముల నీడ యుండును. నల్లాలు వచ్చిన తరువాత ఇట్టి బావులను ఊళ్లు మరచిపోయినవి. మరచిన బావి చెత్తకుండి యగుట మన యెరుకలోని విషయమే. ఇటీవల ఊళ్లకు మరల బుద్ధి పుట్టుచున్నది. హైదరాబాదులో బన్సీలాల్‌పేట మెట్లబావిని చెత్త తీసి, బాగుచేసి 2022 డిసెంబరులో తెరచిరి. కామారెడ్డి జిల్లా లింగంపేటలోని నాగన్నబావి బాగుపడినది. ఇవి చూచి ప్రతి యూరిలోను ఉత్సాహము కలుగుచున్నది. సంతోషమే. కాని ఈ ఉత్సాహమే మాకు భయము కలిగించుచున్నది.

ఏలనందురా, ఉత్సాహవంతులు ముందుగా చేయు పని రెండు మోటార్లు పెట్టి బావి నీటిని తోడివేయుట. తరువాత జేసీబీని తెచ్చుట. వినుటకు ఇది సహజముగనే యుండును. అయితే ఏండ్ల తరబడి నిండియున్న బావి గోడల వెనుక మట్టి కూడ నీటితో నిండియుండును. లోపలి నీరు గోడను లోపలి నుండి వెలుపలికి నొక్కును, వెనుకటి నీరు వెలుపలి నుండి లోనికి నొక్కును. ఈ రెండును సరితూగుట వలననే గోడ నిలిచియున్నది. రెండు దినములలో లోపలి నీటిని ఖాళీ చేసితిమేని వెనుకటి నీరు అంత వేగముగా దిగజాలదు. గోడ ఒంటరియై పోవును. సున్నము కరగిపోయిన పాత గోడ ఆ నెట్టుడును తట్టుకొనలేదు. దినమునకు ఎంత లోతు తోడవలెనో, ఏ మట్టమున ఆగి గోడను చూడవలెనో, ఎచ్చట తాత్కాలికముగా దుంగలు మోపు పెట్టవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. పెద్ద కట్టడములకు సైతము నీరు ఎంత పని చేయునో గోల్కొండ నొద్దనున్న కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో కనబడినది. అక్కడి బడీ బావిలో ఒక భాగము 2013 వానలలో కూలిపోయెను. దానిని పరీక్షించి, పటములు గీచి, మరల కట్టిరి. ఆ గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. అక్కడ నేర్పరులుండిరి, సొమ్ముండెను. కోరుట్ల వంటి పట్టణములో గోడ కూలిన పిదప తిరిగి కట్టుటకు ఎవరు వత్తురు?

సిరిసిల్ల మాట వచ్చినప్పుడు కోట, కోనేరు అని వెదకనవసరము లేదు. అక్కడ చరిత్ర ఇండ్లలో నున్నది. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను సిరిసిల్లలోనే జరిగినది. తెలుగు మాటకు గౌరవము కొరకు, గ్రామ గ్రంథాలయముల కొరకు పాటుపడిన తరము అది. ఆ నాటి ఊరు ఎట్లుండెనో మనుమలకు చూపవలెనన్న మనకు మిగిలినవి కొన్ని గూనపెంకుల ఇండ్లు మాత్రమే. నేతగాని ఇంటికి ఒక తర్కము కలదు. గుంటమగ్గము నేలలో దిగియుండును. నేల తేమ నూలుకు తగిలినప్పుడు పోగు తెగదు. అందువలన మట్టి నేల, వంగిన చూరు, ఎండను అడ్డగించు మందపు గోడ. అది పేదరికము వలన మాత్రమే అట్లు కట్టిన ఇల్లు కాదు, పని తెలిసి కట్టిన ఇల్లు. పిదప మరమగ్గములు వచ్చినవి. మన సిరిసిల్లలో వానిని సాంచెలందురు. సాంచె అదురును. మట్టి సున్నముల గోడ ఆ అదురును ఓర్వదు. ఒక నేతగాని ఇంటిని నిలుపవలెనన్న ముందు తేల్చవలసినది సాంచె ఎచ్చట నుండవలెనన్న సంగతి. సాంచెను తీసివేయుమని చెప్పుటకు మనకు నోరు రారాదు, అది ఆ ఇంటివారి కూడు. దానికి వేరుగా పునాది వేసి గోడ నుండి విడదీయవచ్చునా, ప్రక్క కొట్టములోనికి మార్చవచ్చునా యని ఆలోచించుటయే ప్రణాళిక. ఇట్టి ఆలోచనకు ఒక మనిషి పది దినములు ఆ వీధిలో తిరుగవలెను. ఆ పది దినముల కూలి ఏ పద్దులో నున్నది?

మేము చూచిన యొక గ్రామములో, ఊరి పేరు అనవసరము, గడి గోడలకు బాగుచేయు సొమ్ము వచ్చినది. కొలత లేదు, పరీక్ష లేదు, మార్చి నెలాఖరులోగా ఖర్చు పెట్టవలెనన్న తొందర మాత్రమే కలదు. గోడలన్నిటికిని సిమెంటు పూత పూసి తెల్లరంగు వేసిరి. ఆ దినమున ఊరంతయు మెచ్చుకొన్నది, మేమును మెచ్చుకొంటిమి. రెండు వర్షాకాలముల తరువాత పూత పొక్కులై లేచి, ఇటుక పొడిపొడిగా రాలెను. పాత గోడ నేల నుండి తేమను పీల్చి, గచ్చు గుండ ఆవిరిగా విడిచిపెట్టును. సిమెంటు ఆ ఊపిరిని మూసివేయును. తేమ లోపలనే నిలిచి, దానితో వచ్చిన ఉప్పు ఇటుకను తినివేయును. మన పెద్దలు డంగుసున్నమును నానబెట్టి, గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపి వాడిరి. అది మెత్తగానుండి గోడతో పాటు కదలును, పగిలినను తానే పగులును గాని ఇటుకను పగులనీయదు. మరల పూయుట సులభము. ఏ గోడకు ఏ పాళ్ల మిశ్రమము వాడిరో తెలిసికొనుటకు కొంచెము గచ్చును గీకి పరీక్షకు పంపిన చాలును. ఆ పరీక్ష ఖర్చునకు వెనుదీసి గోడనే పోగొట్టుకొన్నాము.

కొలతల కన్న ముందు తెగవలసిన సంగతి ఒకటి కలదు. స్థలము ఎవరిది? పట్టణమున మెట్లబావి పురపాలక సంఘముది యనుకొందురు. ఆలయపు బావి దేవాదాయ శాఖది కావచ్చును, మసీదు ప్రాంగణము వక్ఫుది కావచ్చును, గడికి వారసులు నలుగురు నాలుగు దేశములలో నుండవచ్చును. 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వారు, గ్రామ నక్షా, ఈ మూడింటి నకళ్లు తీసి ఒకచోట పెట్టినగాని ఏ శాఖయు సొమ్ము విడుదల చేయదు. గ్రామకంఠములోని కట్టడమునకు సర్వే నంబరే వేరుగా దొరకదు. పెద్ద పట్టణమున దీనికొక గుమాస్తా యుండును. మన పంచాయతీలో కార్యదర్శి యొక్కడు, అతనికి పన్నులు, నీళ్లు, వీధిదీపములు, చెత్తబండి. అతనిని నిందించుట న్యాయము కాదు.

ఇక సొమ్ము సంగతి. 2005 నుండి 2010 వరకు అమలు జరిగిన పండ్రెండవ ఆర్థిక సంఘపు సిఫారసులలో చారిత్రక కట్టడములు, పురావస్తు స్థలములు, గ్రంథాలయములు, మ్యూజియముల రక్షణకు రాష్ట్రములన్నిటికి కలిపి 625 కోట్ల రూపాయలుండెను. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వము హృదయ్ అను పథకమును ప్రారంభించినది. 500 కోట్ల రూపాయలు, దేశములో 12 నగరములు. మన వరంగల్లు, ఆంధ్రప్రదేశపు అమరావతి వానిలో నుండెను. ఆ పథకమునందు ఒక మంచి మాట కలదు. ప్రతి నగరమునకును ముందుగా నిపుణులను నియమించి, నగర వారసత్వ ప్రణాళికను వ్రాయించి, ఆ తరువాతనే పనులు చేపట్టిరి. అనగా కాగితమునకు సొమ్ము ముందు ఇచ్చిరి. కాని ఆ భాగ్యము పండ్రెండు నగరములకే. పథకము 2019 మార్చి 31తో ముగిసినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్ల వంతు రాలేదు.

వ్యాపార సంస్థల ద్వారమును కలదు. 2013 కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజ సేవకు ఖర్చు పెట్టవలెను. చారిత్రక కట్టడముల పునరుద్ధరణ ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో నున్నది. 1996లో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక నిధి కూడ దాతల సొమ్మును ఇట్టి పనులకు చేర్చును. ఈ ద్వారములు మూసిలేవు. అయితే ద్వారము నొద్ద నిలిచినవారు అడుగునది సవివరమైన నివేదిక. పటములు, ఫోటోలు, అంచనా, హక్కు పత్రము. చేతిలో అవి లేక, దండలు, వినతిపత్రము పట్టుకొనిపోయినచో దండలు పుచ్చుకొని పంపివేయుదురు. కంపెనీవాడు కట్టిన గోడను చూపుకొనగలడు, కొలిచిన కాగితమును చూపుకొనలేడు. కనుక కాగితమునకు దాత దొరకుట కష్టము. ఇది సర్కారు, ఊరు కలసి మోయవలసిన బరువు.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు విప్పుకొనిరో చూచుట మంచిది. అమెరికాలో 1966 నాటి చారిత్రక పరిరక్షణ చట్టమును 1980లో సవరించి, ప్రతి రాష్ట్రమునకు వచ్చు కేంద్ర నిధిలో కనీసము పదవ వంతు స్థానిక సంస్థలకు చేరవలెనని నియమము పెట్టిరి. ఆ దేశపు నేషనల్ ట్రస్టు అను సంస్థ ఇచ్చు ప్రణాళికా గ్రాంటు సాధారణముగా 2,500 నుండి 5,000 డాలర్ల వరకే. అంత సంపన్న దేశములో అంత చిన్న మొత్తమా యని ఆశ్చర్యపోకుడు. అది గోడ కట్టుటకు కాదు, గోడను చదువుటకు. అంతే మొత్తమును ఊరివారును జతచేయవలెనన్నది షరతు. ఇంగ్లండులో 1976లో పుట్టిన ఆర్కిటెక్చరల్ హెరిటేజ్ ఫండ్ ఇంకొక మెట్టు వెనుకకు పోయినది. ఈ కట్టడమును నిలుపుట సాధ్యమా, నిలిపిన పిదప దేనికి వాడుదురు, దాని పోషణకు రాబడి ఎచ్చట నుండి వచ్చును, ఈ సంగతులు తేల్చుకొనుటకే ఒక చిన్న గ్రాంటు ఇచ్చును. సాధ్యము కాదని తేలినను ఆ సొమ్ము వ్యర్థమైనట్లు వారు భావింపరు. కాని పనికి కోటి పోసి పోగొట్టుకొనుట కన్న అది మేలు గదా.

మనదేశములో కాగితపు బలము తెలియనిది కాదు. 1213 నాటి రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినది 2021 జులై 25న. కాకతీయుల కట్టడములు ఆ జాబితా ముంగిట, అనగా తాత్కాలిక పట్టికలో, నిలిచినది 2014లో. నడుమ ఏడేండ్లు నడిచినదంతయు కొలతలు, పటములు, నివేదికలే. మన ప్రక్కనే కామారెడ్డి జిల్లా దోమకొండలో గడికోటను దాని వంశీకులు శాస్త్రోక్తముగా బాగుచేయించగా 2022లో యునెస్కో పురస్కారము వచ్చినది. ఆ కోటకు అండగా ఒక కుటుంబము నిలిచినది. అట్టి కుటుంబము లేని కట్టడములకు ఊరే కుటుంబము కావలెను.

కోటిలింగాల సంగతి జగిత్యాల జిల్లావారికి మేము చెప్పనక్కర లేదు. గోదావరి ఒడ్డున 1979 నుండి 1983 వరకు పురావస్తు శాఖవారు వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున అక్కడ త్రవ్వకములు జరిపిరి. శాతవాహనులలో మొదటివాడైన సిముకుని నాణెములు బయటపడినవి. తరువాత ఎల్లంపల్లి ప్రాజెక్టు నీరు ఆ పాటిమట్టిలో కొంత భాగమును ముంచినది. అయినను ఆ నాణెములు, ఆ పొరల కొలతలు కాగితము మీద మిగిలినవి గనుక శాతవాహనుల చరిత్రను వ్రాయువాడు కోటిలింగాలను విడిచి వ్రాయజాలడు. కట్టడమును నిలుపలేకపోయిన నాడును కొలత నిలుచును. నాగార్జునకొండలో 1954-60 నడుమ జరిగినదియు ఇదియే. అక్కడ లోయ మునిగినను తెలివి మునుగలేదు.

మరి మనము చేయదగినది ఏమి? రాష్ట్ర ప్రభుత్వమును మనము కోరవలసినది పెద్ద వరము కాదు. చిన్న పట్టణములకు, గ్రామములకు ప్రత్యేకించిన ఒక ప్రణాళికా గ్రాంటు. మాటవరుసకు ఒక మెట్లబావి పని 40 లక్షలగుననుకొందము. దాని కొలతలకు, గచ్చు పరీక్షకు, గోడల పరిశీలనకు, పటములకు రెండు మూడు లక్షలు కేటాయించి, సగము ఊరు, సగము సర్కారు భరించునట్లు చేసిన చాలును. ఊరి సగము రొక్కముగనే యుండనక్కర లేదు. ముళ్లకంప కొట్టుట, నిచ్చెనలు కట్టుట, రికార్డులు తెచ్చుట, కొలుచువారికి అన్నము పెట్టుట, ఇవన్నియు లెక్కకు రావలెను. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చి, 1960 నాటి పాత చట్టము స్థానమును ఆక్రమించినది. ఆ కొత్త చట్టములో జిల్లా స్థాయి సంఘములకును తావు కలదు. అట్టి సంఘము ముందు పెట్టుటకు మన ఊరి పేరున ఒక దస్త్రము ఉండవలెను గదా.

గ్రాంటు వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండుమని మా భావము కాదు. 2021-26 నడుమ పదిహేనవ ఆర్థిక సంఘము పంచాయతీలకు ఇచ్చిన నిధులలో నూటికి 40 వంతులు షరతులు లేనివి. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో ఊరికి అవసరమని తోచినదానికి వాడుకొనవచ్చునని విధించిరి. ఆ అంశములలో సామూహిక ఆస్తుల పోషణ ఒకటి. మెట్లబావి సామూహిక ఆస్తి కాక మరి ఏమి? అయినను గ్రామ అభివృద్ధి ప్రణాళిక వ్రాయు దినమున దానిని పేర్కొనిన పంచాయతీలు మాకు కనబడినవి చాల తక్కువ. సీసీ రోడ్డు పేరు మాత్రము ఎవరును మరువరు. రోడ్డు వద్దని మేమనుట లేదు. ఆ పట్టికలో ఒక పంక్తి అడుగుచున్నాము.

కొలుచువారు దొరకరని కొందరందురు. జగిత్యాల వారికి నాచుపల్లిలో 2007 నుండి జేఎన్టీయూ ఇంజనీరింగు కళాశాల యున్నది. సిరిసిల్లలో 2021లో మరియొకటి తెరచిరి. తెలంగాణలోని అనేక మెట్లబావులకు హైదరాబాద్ డిజైన్ ఫోరమ్ వారు విద్యార్థులతో కలసి కొలత పటములు గీచిన సంగతి తెలిసినదే. ఇరువది మంది పిల్లలు, రెండు టేపులు, ఒక మంచి గురువు ఉన్న యెడల ఒక బావి నాలుగు దినముల పని. వారి పటము తుది నివేదిక కాదు. పునరుద్ధరణ తెలిసిన ఇంజనీరు తరువాత రాక తప్పదు. కాని ఆయన వచ్చిన దినమున వట్టి చేతులతో మొదలుపెట్టనక్కర లేదు, ఖర్చును తగ్గును.

గీచిన పటములను మూడు ప్రతులుగా చేయుడు. ఒకటి పంచాయతీ లేక పురపాలక కార్యాలయములో, ఒకటి జిల్లా గ్రంథాలయములో, ఒకటి హెరిటేజ్ తెలంగాణ శాఖలో ఉండవలెను. సర్పంచులు మారుదురు, కమిషనర్లు బదిలీ యగుదురు, బీరువా తాళపుచెవి పోవును. మూడుచోట్ల నున్నప్పుడు ఒకచోటనైన మిగులును.

మీరు ఇంటికి పోయిన తరువాత చేయదగిన పని ఒకటి చెప్పి విరమింతుము. దీనికి గ్రాంటు అక్కర లేదు. మీ ఊరి కట్టడములోని పెద్ద పగుళ్లను ఎంచుకొనుడు. జానెడు పొడవు గల పలుచని గాజు పట్టీని పగులుకు అడ్డముగా ఉంచి, రెండు కొనలను సున్నపు ముద్దతో గోడకు అతికించుడు. ప్రక్కన నూనె రంగుతో తేదీ వ్రాయుడు. గోడ కదలుచున్నచో గాజు పగులును, కదలనిచో అట్లే యుండును. వానలు మొదలు కాకముందు అతికించినది వానలు వెలిసిన పిదప ఒకసారి, వేసవి చివర ఒకసారి చూచి ఫోటో తీయవలెను. ఏ పట్టీ ఏ నెలలో పగిలినదో వ్రాసిన పుస్తకము చేతిలో నున్నచో ఇంజనీరుకు సగము రోగము అప్పుడే తెలియును. ఏడాది చూడనిదే ఎంతటి నిపుణుడైనను ఈ సంగతి చెప్పజాలడు. కనుక మృగశిర కార్తెలోపలనే ఈ పని కావలెను. గాజు పట్టీలను కోసి తెచ్చితిమి, బయట బల్ల మీద నున్నవి. ఊరికి పదేసి తీసికొనిపొండు, అంచులు పదునుగా నున్నవి, పిల్లల చేతికి ఈయవద్దు.